జాహెదా ఆపా గాజుల ప్రోగ్రాం

2023లో ఎండలు ముదురుతున్న రోజులు. మొఘల్‌పురాలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో చిన్న హియరింగ్ క్లినిక్ ఉండేది, ఇప్పటికీ ఉంది. రెండే గదులు. బయటి గదిలో ఆరు కుర్చీలు, ఒక నీళ్ల కుండ. లోపలి గదిలో వినికిడి పరీక్ష చేసే గాజు తలుపుల పెట్టె, దాని పక్కన బల్ల మీద కంప్యూటర్. క్లినిక్ నడిపే సుధ మేడం ఆడియాలజిస్ట్. అంటే వినికిడి ఎంత తగ్గిందో కొలిచి, దానికి తగ్గ మిషను చెవికి అమర్చే మనిషి. ఆమె కంప్యూటర్ బాగోగులు చూసేది నేను. నా పేరు యాదగిరి. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర నాకు కంప్యూటర్ రిపేర్ దుకాణం ఉంది. అప్పటికే ఇరవై రెండేళ్లుగా పాతబస్తీలో టైలర్లకు, మందుల షాపులకు, ట్యూషన్ సెంటర్లకు ఇదే పని చేసిపెడుతున్నాను.

మా పని అంటే స్క్రూలు బిగించడం, దుమ్ము ఊదడం అనుకుంటారు చాలామంది. అది సగమే. మిగతా సగం పాత ప్రోగ్రాంకీ కొత్త విండోస్‌కీ మధ్య రాజీ కుదర్చడం. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టంను ఇంటి ఓనర్ అనుకోండి, మనం వాడే ప్రోగ్రాంలు అందులో కిరాయికి ఉండేవాళ్లు. ఓనర్ మారినప్పుడల్లా షరతులు మారతాయి. కొందరు కిరాయిదార్లు సర్దుకుంటారు, కొందరిని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఎవరు సర్దుకుంటారు, ఎవరు సర్దుకోరు అన్న ఈ వ్యవహారాన్నే మేం కంపాటిబిలిటీ అంటాం. ఈ లొల్లి లేకపోతే నా దుకాణం ఎప్పుడో మూతపడేది కాబట్టి తిట్టుకుంటూనే దానికి దండం పెట్టుకుంటాను.

ఆ ఏడాది సుధ మేడం కంప్యూటర్ మార్చమన్నారు. పాతది విండోస్ 7. పొద్దున స్విచ్ వేసి, కిందికి దిగి చాయ్ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. నేను విండోస్ 11 ఉన్న కొత్తది తెచ్చి పెట్టి, ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్ కూడా కొత్త వెర్షన్ వేశాను. ఈ సాఫ్ట్‌వేర్ ఏమిటో కొంచెం చెప్పాలి. చెవి మిషను లోపల ఉండేది కూడా ఒక చిన్న కంప్యూటరే. అది అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచదు. సన్నటి గొంతును ఎంత పెంచాలి, బండి హారన్‌ను ఎంత తగ్గించాలి అన్నది ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని వైరు ద్వారా మిషనులోకి రాసేదే ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్.

పాత రికార్డులను కొత్త వెర్షన్‌లోకి మార్చేటప్పుడు స్క్రీన్ మీద ఒక సందేశం వచ్చింది. కొన్ని పాత మోడళ్ల సెట్టింగులు మార్చడం కుదరలేదు అని దాని అర్థం. చదివాను. చదివి ఓకే నొక్కాను. ఆ పాత మోడళ్ల ఫైళ్లను చివరిసారి ఎప్పుడు తెరిచారో చూస్తే రెండేళ్ల కిందట అని ఉంది. రెండేళ్లు ఎవరూ ముట్టని వాటి కోసం మేడంను విసిగించడం ఎందుకనుకున్నాను. పాత కంప్యూటర్‌ను దుకాణానికి తీసుకుపోయి అదే సాయంత్రం డిస్క్ ఫార్మాట్ కొట్టాను, అంటే అందులో ఉన్నదంతా మళ్లీ దొరక్కుండా తుడిచేశాను. ఎంత శుభ్రంగా పని చేశానో అని నాలో నేనే జబ్బలు చరుచుకున్నాను కూడా.

మూడు వారాల తర్వాత ఒక శనివారం మేడం ఫోన్ చేశారు.

"యాదగిరీ, ఒకసారి వస్తావా? పాత సాఫ్ట్‌వేర్ కావాలి."

ఆమె గొంతులో విసుగు లేదు, కంగారు ఉంది. నేను స్కూటర్ తీశాను.

లోపలి గదిలో ఒకామె కూర్చుని ఉంది. వయసు అరవైకి దగ్గర. నల్ల బుర్ఖా, తల చుట్టూ గట్టిగా కట్టిన స్కార్ఫ్, ఒళ్లో గుడ్డతో చుట్టిన అట్టపెట్టె. పేరు జాహెదా అనీ, అందరూ ఆపా, అంటే అక్క, అని పిలుస్తారనీ, లాడ్ బజార్‌లో గాజుల దుకాణం అనీ మేడం చెప్పారు. ముప్పై అయిదేళ్లుగా ఆడవాళ్ల చేతులకు గాజులు ఎక్కిస్తున్న మనిషి. ఆమె చేతులకు మాత్రం ఒక్క గాజు కూడా లేదు. పనికి అడ్డం వస్తాయట.

"మాటలు మంచిగనే ఇనొస్తున్నయి భాయ్," అన్నదామె నాతో. "గాజులే మూగగైనయి."

నాకు అర్థం కాలేదు. మేడం విడమరిచి చెప్పారు. జాహెదా ఆపా చెవి మిషను ఈమధ్య పాడైతే రిపేర్‌కు పంపారు. రిపేర్‌కు పోయిన మిషను తన సెట్టింగులన్నీ పోగొట్టుకుని, కొత్తగా పుట్టినట్టు ఖాళీగా తిరిగొస్తుంది. మళ్లీ మనమే రాయాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ మిషనును గుర్తుపట్టి, ఆమె వినికిడి పరీక్షను బట్టి మామూలు సెట్టింగు రాసేసింది. మాటలకు అది చక్కగా సరిపోయింది.

"మరి గాజుల సంగతేంటి ఆపా?" అని అడిగాను.

ఆమె పెట్టె విప్పింది. పచ్చ గాజుగాజులు. పన్నెండు తీసి ఎడమచేతి రెండు వేళ్లకు వదులుగా తగిలించుకుని, కుడిచేత్తో ఇంకో గాజు పట్టుకుని, దాంతో ఒక్కొక్కదాన్నే కొట్టి చూపించింది.

"మంచి గాజు ఠంగుమంటది. లోపల బాల్ ఉంటె మొద్దుగ మోగుతది. ఎక్కించేముందు ప్రతి గాజు గిట్ల కొట్టి సూస్త. ఇప్పుడు అన్ని ఒక్క తీరుగనే ఇనొస్తున్నయి."

బాల్ అంటే వెంట్రుక. కంటికి ఆనని వెంట్రుకంత పగులుకు గాజులవాళ్లు పెట్టుకున్న పేరు. గడ్డిలో చుట్టి పెట్టెల్లో వచ్చే గాజుల్లో దారి కుదుపులకు ఎక్కడో ఒకదానికి ఆ పగులు పడుతుంది. అరచేతి ఎముకలు నొక్కి గాజును జార్చేటప్పుడు అది సరిగ్గా అక్కడే విరిగి చేతిని కోస్తుంది.

"పోయిన వారం పద్మ బిడ్డకు ఎక్కిస్తుంటె పటుక్కుమన్నది," అంది ఆపా. "మణికట్టు కోసుకపోయి రక్తం వచ్చింది. నిశ్చితార్థం గాజులు. ముప్పై అయిదేండ్లల్ల ఎన్నడు గట్ల కాలే."

పద్మ వాళ్లది తరతరాలుగా గుడి పూజారుల ఇల్లు. పద్మ పెళ్లికి గాజులు వేసింది కూడా ఈ ఆపాయే. ఇప్పుడు పద్మ కూతురు శ్రావ్యకు వచ్చే శుక్రవారం పెళ్లి. పెళ్లికూతురి చేతిలో గాజు పగిలి రక్తం రావడంతో పద్మ హడలిపోయింది. పెళ్లి గాజులకు వేరేవాళ్లను చూసుకుంటామని అక్కడే అనేసింది. శ్రావ్య మాత్రం జాహెదా ఆపాయే వెయ్యాలని పట్టుబట్టింది.

"నువ్వేమన్నవ్ ఆపా?" అని అడిగాను.

"నేనే జెప్పిన. నా చెవులు సక్కగలేవు, సక్కగయ్యేదాంక ఏ బిడ్డ చెయ్యి పట్టనని. దుకాణంల కూసుంటున్న, డబ్బాలు అందిస్తున్న. చెయ్యి మాత్రం పడుతలేను. బేస్తారం పొద్దుగూకె లోపల చెవులు మంచిగైతె శ్రావ్యకు నేనే వేస్త. లేకుంటె ఇగ గద్దె దిగుడే. ఇంట్ల గూడ అంటున్నరు, చాలు అమ్మీ, ఇంట్ల కూసో అని."

గాజు పగిలితే సరుకు మంచిది కాదని అనుకుంటారు గానీ వేసినామె చెవిని ఎవరు అనుమానిస్తారు? ఆమె నోరు విప్పకపోతే ఆ సంగతి లాడ్ బజార్‌లో ఎవరికీ తెలిసేది కాదు. తనంతట తానే చెప్పుకుని, తనంతట తానే చేయి ఆపుకుంది.

సుధ మేడం పాత కథ చెప్పారు. తొమ్మిదేళ్ల కిందట మొదటిసారి ఈ మిషను పెట్టినప్పుడు కూడా ఆపా మర్నాడే తిరిగొచ్చి గాజులు మోగడం లేదందట. గిన్నెల చప్పుడు, తాళంచెవుల చప్పుడు, గాజు తగిలిన చప్పుడు లాంటివి చటుక్కున వచ్చి మనిషిని ఉలిక్కిపడేలా చేస్తాయని ఈ మిషన్లు వాటిని పుట్టిన క్షణంలోనే నొక్కేస్తాయి.

"మిషను చేసినవాళ్ల లెక్కలో గాజు చప్పుడు గోల, యాదగిరీ. ఈమెకు బతుకుదెరువే అది," అన్నారు మేడం. "అప్పుడు మూడు పొద్దులు కూర్చుని వేరే ప్రోగ్రాం రాశాను. మిషను మీద బటన్ ఒకసారి నొక్కితే మాటలు, రెండుసార్లు నొక్కితే గాజులు. ఆ అంకెలు నాకిప్పుడు గుర్తులేవు. పాత ఫైల్లో ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో చేద్దామంటే ఈ మోడల్‌కు ఆ సెట్టింగులే చూపించడం లేదు. పాత ఫైల్ తెరిచిపెట్టు, అయిదు నిమిషాల పని."

ఆ గాజుల ప్రోగ్రాం ఉన్న పాత ఫైలును రెండేళ్లుగా ఎవరూ తెరవలేదని కంప్యూటర్ నాకు చెప్పింది నిజమే. కానీ ఆ రెండేళ్లూ ఆ ప్రోగ్రాం ప్రతిరోజూ ఈమె చెవిలో కూర్చుని పని చేస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న నాకు ఆ మాట తట్టలేదు.

చెప్పక తప్పలేదు. సందేశం వచ్చిందనీ, ఓకే నొక్కాననీ, డిస్క్ తుడిచేశాననీ చెప్పేశాను. మేడం ముఖం ఎర్రబడింది.

"అడగొచ్చు కదా యాదగిరీ? ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది."

"తప్పయింది మేడం."

జాహెదా ఆపా మా ఇద్దరి పెదాలనూ మార్చి మార్చి చూస్తోంది. ఏమైందని అడిగింది. మేడం ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు. ఆమె తిడుతుందని నేను తల వంచుకుని నిలబడ్డాను.

"సదివి నొక్కినవా, సదువకుండనా?" అని అడిగింది.

"సదివే నొక్కిన ఆపా."

ఆమె చేతిలో గాజులు పెట్టెలో పెట్టేస్తూ అంది.

"నేను గూడ అంతే. ఆ దినం గాజు మోత సక్కగ ఇనొస్తలేదని తెల్సే ఎక్కించిన. ఒక్క దినానికి ఏమైతదిలే అనుకున్న. ఇద్దరం ఒక్క తీరే. ఇగ పని సూడు భాయ్."

ఎవరైనా తిడితే నాకు కోపం వస్తుంది, ఎదురు మాట్లాడతాను. ఆమె తిట్టలేదు కాబట్టి ఆ రోజు నాకు కన్నీళ్లు వచ్చినంత పనైంది. ఫైలు ఎటూ పోయింది. కనీసం ఆ పాత సాఫ్ట్‌వేర్‌ను ఎలాగైనా నడిపిస్తే, మేడం ఆ గాజుల ప్రోగ్రాంను మొదటి నుంచి మళ్లీ రాయగలరు. చేతిలో ఉన్నది గురువారం వరకే.

పాత సాఫ్ట్‌వేర్ సీడీ మేడం బీరువాలో దొరికింది. కొత్త కంప్యూటర్‌కు సీడీ పెట్టే చోటే లేదు. బయటి నుంచి ఒక డ్రైవ్ తగిలించి నొక్కితే, ఈ యాప్ మీ పీసీలో నడవదు అని ముఖం మీదే చెప్పేసింది. కంపాటిబిలిటీ మోడ్ అని ఒకటి ఉంటుంది. కొత్త విండోస్ కాసేపు పాత విండోస్ వేషం కట్టి ప్రోగ్రాంను నమ్మించడం దాని పని. అదీ చేశాను. కుదరలేదు. కారణం వెతికితే తెలిసిందేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో దించే చిన్న ముక్క మరీ పాతకాలపు 16 బిట్ పద్ధతిలో రాసింది. మా పాత విండోస్ 7 అయితే 32 బిట్‌ది, దానికి ఆ భాష ఇంకా వచ్చు. ఇప్పటి విండోస్ 64 బిట్‌ది, దానికి ఆ భాష అసలే రాదు. రాని భాషను వేషం కట్టి మాట్లాడలేదు కదా.

ఆదివారం దుకాణం మూసుకుని వర్చువల్ మెషీన్ పట్టుకున్నాను. అంటే కొత్త కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి పాత కంప్యూటర్‌ను నిలబెట్టడం. దాంట్లో విండోస్ 7 వేశాను, సాఫ్ట్‌వేర్ దిగింది, తెరుచుకుంది. నేను ఒక్కడినే ఉన్నా గట్టిగా అరిచాను. సోమవారం పొద్దున్నే క్లినిక్‌కు పరుగెత్తాను. అక్కడ మళ్లీ దెబ్బ తగిలింది. చెవి మిషనును కంప్యూటర్‌కు కలిపే డబ్బా ఒకటి ఉంటుంది. దాని వైరుకు తొమ్మిది సూదుల పాత ప్లగ్గు, మేం సీరియల్ పోర్ట్ అంటాం. కొత్త కంప్యూటర్లకు ఆ రంధ్రమే ఉండదు. మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే మిషను ఒకసారి కనబడేది, నాలుగుసార్లు కనబడేది కాదు. కనబడినప్పుడు కూడా సగంలో తెగిపోయేది.

"వద్దు," అన్నారు మేడం. "రాస్తూ రాస్తూ మధ్యలో ఆగితే మిషనే చచ్చిపోతుంది. ఈ మోడల్ ఇప్పుడు ఎక్కడా దొరకదు."

ఆమె ఆపకపోతే నేను ఇంకో ఇరవైసార్లు ప్రయత్నించేవాడినే. నిజం చెప్పాలంటే దారి మొదటి నుంచీ నా దుకాణంలోనే ఉంది. అదే పాత కంప్యూటర్, ఇంకా ఎవరికీ అమ్మలేదు. దానికి సీడీ డ్రైవ్ ఉంది, అసలైన సీరియల్ పోర్ట్ ఉంది. కానీ నేను మాన్పించిన కంప్యూటర్‌ను నేనే మళ్లీ మోసుకురావడం నామోషీ అనిపించింది. కొత్తదాంట్లోనే నడిపించి చూపించాలన్న పంతంతో రెండు రోజులు పాడుచేశాను. సోమవారం మధ్యాహ్నం ఆ పంతం పక్కన పెట్టి, దానికి పాత విండోస్ మళ్లీ వేసి, ఇంటర్నెట్ తగిలించకుండా స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను. చెవి మిషను మొదటిసారికే కనబడింది. కొత్త వెర్షన్ దాచేసిన సెట్టింగులన్నీ తెర మీద బారులు తీరాయి.

మంగళవారం పొద్దున్నే జాహెదా ఆపా గాజుల పెట్టెతో వచ్చింది. ఆ రోజు నేను చూసిన పని నా జన్మలో మరచిపోలేను.

ముందు పగిలిన గాజులేవో మాకు తెలియాలి, లేకపోతే పరీక్ష ఎలా? సుధ మేడం చెవి లోపల చూసే లైటు తీశారు. దాన్ని ఒటోస్కోప్ అంటారు, భూతద్దం, దీపం రెండూ ఉంటాయి. ఒక్కో గాజును దాని కింద పెట్టి చుట్టూ తిప్పి చూశారు. ఇరవై ఎనిమిదిలో నాలుగింటికి పగులు దొరికింది. గాజుల లోపలివైపు సన్నగా అంకెలు వేసి, ఏవి పగిలినవో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుని నేను అన్నీ కలిపేశాను. ఆపా కళ్లు మూసుకుని ఒక్కొక్కటే కొట్టి, మంచిది కుడివైపు, పగిలింది ఎడమవైపు పెట్టాలి.

మొదటిసారి పగిలినవాటిలో ఒక్కటే పట్టింది, అయిదు మంచివాటిని పారేసింది. ఆమె మాత్రం కళ్లు తెరిచి డాక్టరుకు జ్వరం లక్షణాలు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"డాక్టరమ్మా, మోత మొదలైతనే ఎవరో నోరు మూసినట్టయితుంది. తోక ఇనొస్తలేదు నాకు. బాల్ తోకల ఉంటది."

మేడం చటుక్కున అర్థం చేసుకున్నారు. హఠాత్తు చప్పుళ్లను నొక్కే సెట్టింగు పూర్తిగా తీసేశారు. మళ్లీ కొట్టింది. ఈసారి అన్నీ ఒక్క తీరుగా అరుస్తున్నాయంది. మేడం సన్నటి ధ్వనులను కొంచెం తగ్గించారు. ఇంకొంచెం పైన కావాలంది. పెంచారు. ఒకామె మాటల్లో చెబుతుంటే ఇంకొకామె అంకెల్లో రాస్తోంది. మధ్యమధ్య ఆపా మిషను తీసి, కుండలో నీళ్లు తాగి, కాసేపు చెవికి విశ్రాంతి ఇచ్చేది. తొందర పెట్టలేదు, తొందరపడలేదు. నేను చేసిందల్లా గాజులు కలపడం, కాగితం చూసుకోవడం.

మధ్యాహ్నానికి నాలుగూ పట్టేసింది. ఒక్క మంచి గాజును కూడా పారేయలేదు.

"అయిపోయింది ఆపా!" అన్నాను.

"మళ్ల కలుపు," అంది.

రెండోసారీ నాలుగే. తోక ఇంకొంచెం పెంచమని మేడంకు చెప్పి, మళ్లీ కలపమంది. మూడోసారి ఎడమవైపు అయిదు గాజులు వచ్చాయి.

"ఆపా, ఇది మంచిదే," అని ఒకటి తీసి చూపించాను. "పగిలినయి నాలుగే ఉన్నయి. కాగితం మీద రాసుకున్నం."

ఆమె దాన్ని తీసుకుని మళ్లీ కొట్టింది. తల అడ్డంగా ఊపింది.

"కాగితం సంగతి నాకు తెల్వది. దీంట్ల బాల్ ఉన్నది."

సుధ మేడం నవ్వుతూనే ఒటోస్కోప్ తీసుకుని దాన్ని మళ్లీ దీపం కింద పెట్టి, ఈసారి చాలా నెమ్మదిగా తిప్పారు. గాజు అతుకు దగ్గర, బంగారు గీత కింద ఆమె చెయ్యి ఆగిపోయింది. నన్ను పిలిచి చూపించారు. గీత కింద దాక్కుని సన్నటి పగులు ఉంది. పొద్దున దీపం పెట్టి చూసి కూడా మేమిద్దరం కనిపెట్టలేకపోయాం. నా బతుకంతా మిషన్లతోనే గడిచింది గానీ మనిషి ముందు మిషను ఓడిపోతే ఇంత సంతోషం కలుగుతుందని అప్పుడే తెలిసింది.

ఆపా పొంగిపోలేదు. ఆ గాజును పక్కన పెట్టి, స్కార్ఫ్ చెవుల మీదికి లాక్కుని కట్టుకుని, మళ్లీ ఒక గాజు కొట్టింది. ముఖం చిట్లించింది.

"ఇక్కడ బట్ట తీసి సూసినం. దుకాణంల నేను బట్ట కట్టుకునే కూసుంట. బట్ట కింద తోక మళ్ల కుదించుకపోతుంది. అండ్ల బజారు లొల్లి వేరే. అక్కడ సూడాలె డాక్టరమ్మా."

అంత చదువుకున్న మేడంకు గానీ, ఇన్నేళ్లు పని చేసిన నాకు గానీ ఆ బట్ట సంగతి తట్టనే లేదు.

బుధవారం ఆ పాత కంప్యూటర్ లాడ్ బజార్‌కు బయలుదేరింది. జాహెదా ఆపా దుకాణం అంటే ఆరడుగుల వెడల్పు, మూడువైపులా నేల నుంచి కప్పు దాకా గాజులు. మధ్యలో మెత్తటి గద్దె. కంప్యూటర్‌ను లక్క గాజుల డబ్బాల మధ్య ఇరికించి, లైటు ప్లగ్గు పీకి దానికి కరెంటు ఇచ్చాను. ముందు నుంచి ఆటోలు, హారన్లు, ఆయియే బాజీ, ఆయియే, అంటే రండి అక్కా రండి అని దుకాణాలవాళ్ల అరుపులు. మేడం ఆ లొల్లిలో, స్కార్ఫ్ కట్టిన చెవికి మళ్లీ అన్నీ సరిచేశారు. రెండు గంటలు పట్టింది. చివరికి ఆపా వరుసగా ఎన్ని డజన్లు కొట్టి చూసినా ఒక్కటి తప్పలేదు. పద్మకు కబురు పంపించింది.

గురువారం మధ్యాహ్నం మేడం నన్ను కూడా రమ్మన్నారు, ఎందుకైనా మంచిదని. ఆమె డబ్బాల పక్కన నిలబడ్డారు, నేను కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని మూలకు కూర్చున్నాను. పద్మ, శ్రావ్య వచ్చారు. పద్మ ముఖం బిగుసుకుపోయి ఉంది. పలకరింపు కూడా ముక్తసరిగానే. శ్రావ్య చెప్పులు విప్పి నేరుగా గద్దె ముందు కూర్చుని కుడిచెయ్యి చాపింది. మణికట్టు మీద చిన్న గోధుమరంగు గాటు ఇంకా ఉంది.

ఆపా ఆ గాటు మీద బొటనవేలుతో ఒకసారి నిమిరింది.

"నొస్తుందా బిడ్డా?"

"లేదు ఆపా. నువ్వు ఫికర్ జేయకు."

ఆపా స్కార్ఫ్ కిందికి చెయ్యి పోనిచ్చి బటన్ రెండుసార్లు నొక్కింది. కొలత అడగలేదు, రెండు నాలుగు సైజు డబ్బా దించింది. గాజు కొట్టి వింటుంది, సబ్బునీళ్లలో తడుపుతుంది, శ్రావ్య బొటనవేలి మొదలు దగ్గర మెత్తగా నొక్కుతుంది, గాజు జారిపోతుంది. గాటు ఉన్న చేతిని చివరికి ఉంచి, ముందు ఎడమచేతికి ఇరవై ఒకటి అలాగే ఎక్కించింది. పద్మ ముందుకు వంగి ప్రతి గాజునూ చూస్తోంది. నేనూ అంతే. నాకు ఆ క్షణంలో కంప్యూటర్ పక్కన ఉన్నానన్న ధ్యాసే లేదు.

కుడిచెయ్యి మొదలైంది. ఏడో గాజు కొట్టి ఆపా ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. తీసి పక్కన పెట్టింది.

"ఏందాపా, ఏమైంది?" అంది పద్మ కంగారుగా.

"బాల్ ఉన్నది పద్మా."

పద్మ ఆ గాజు తీసుకుని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకేమీ కనబడలేదు. నమ్మలేక రెండు బొటనవేళ్లతో కొద్దిగా నొక్కింది. పటుక్కుమని రెండు ముక్కలైంది. శుభమా అని గాజులు వేసుకుంటుంటే ఇదేమిటని పద్మ కూతుర్ని లేపుకుని వెళ్లిపోతుందేమోనని నేను భయపడ్డాను. ఆమె అరచేతిలో ఆ ముక్కలను చూస్తూ నిలబడిపోయింది.

"ఇదే నా బిడ్డ చేతిల ఇరిగేదుండె," అంది చివరికి.

జాహెదా ఆపా డబ్బాలోంచి ఇంకో గాజు తీసి, కొట్టి, విని, శ్రావ్య చేతికి ఎక్కించింది. ఇరవై ఒకటీ పూర్తయ్యాక శ్రావ్య రెండు చేతులూ పైకెత్తి గలగల ఊపింది. అప్పుడు పద్మ తన చేతి గాజులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, కూతుర్ని జరగమని, తానే గద్దె ముందు కూర్చుంది.

"నాకు గూడ వెయ్యి ఆపా. నా పెండ్లికి వేసినట్టు."

అంతదాకా ఒక్కసారైనా తడబడని జాహెదా ఆపా చేతులు అప్పుడు వణికాయి. పద్మ ఆ రెండు చేతులనూ పట్టుకుని, అవి కుదుటపడేదాకా వదల్లేదు.

ఆ పాత కంప్యూటర్ ఇప్పుడు క్లినిక్‌లో కొత్తదాని పక్కనే ఉంది. అలాంటి పాత మిషన్లు వాడేవాళ్లు ఇంకొందరున్నారని తర్వాత తెలిసింది. నేను ఎక్కడ కంప్యూటర్ మార్చినా, పాత ప్రోగ్రాం తీసేముందు ఓనర్‌ను ఒక్కడినే అడిగి ఊరుకోను. అది ఎవరి పనికి వస్తుందో వాళ్లను పిలిపించి, వాళ్ల పని వాళ్ల చేత చేయించి చూస్తాను. ఇది మా పనిలో చేరినవాళ్లందరికీ చెప్పదగ్గ పాఠమే.

కానీ ఆ వారం నాకు నేర్పింది అదొక్కటే కాదు. పని బాగా వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఈరోజు నా పని సరిగ్గా లేదు, సరయ్యేదాకా మీ చెయ్యి పట్టుకోనని ఎవరూ అడగకముందే చెప్పుకున్న మనిషిని జాహెదా ఆపానొక్కదాన్నే చూశాను. తర్వాత కొన్నాళ్లకు ఒక మందుల షాపాయన తన స్టాక్ ప్రోగ్రాం కొత్త విండోస్‌లో నడుస్తుందా అని అడిగాడు. ఎప్పటిలాగే నడుస్తది అన్న మాట నోటి దాకా వచ్చింది. "నాకు తెల్వదన్నా. రెండు రోజులు టైమియ్యి, సూసి చెప్త," అన్నాను. ఆ నాలుగు ముక్కలు అనడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.